ఎముకల ఓపీకీ వాల్తేరుకూ నడుమ నలిగే నొప్పి

విశాఖపట్నం మహారాణిపేటలో, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) చుట్టుపక్కల వీధుల్లో, చేతిలో ప్లాస్టిక్ సంచీతో స్కానింగ్ సెంటరుకూ డాక్టరు గదికీ మధ్య తిరిగే మనుషులు రోజూ కనిపిస్తారు. ఆ సంచీలో ఎక్స్‌రేలు, ఎమ్మారై ఫిల్ములు, షుగరు పరీక్ష, విటమిన్ డి పరీక్ష, కీళ్లవాతం పరీక్ష, వేర్వేరు చేతిరాతల్లో మందుల చీటీలు ఉంటాయి. నడుము నొప్పి రెండేళ్లుగా, మోకాళ్ల నొప్పి ఐదేళ్లుగా, ఒళ్లు నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో గుర్తులేనంత కాలంగా. ఆ కాగితాలన్నీ వరసగా పేర్చి చదివితే వెన్నులో ఏ డిస్కు ఎంత ఉబ్బిందో మిల్లీమీటర్లతో సహా తెలుస్తుంది. రాత్రి నిద్ర పడుతోందా, పొద్దున లేవాలనిపిస్తోందా, ఇష్టంగా చేసుకునే పనుల్లో ఇంకేమైనా మిగిలిందా అన్న సంగతి మాత్రం ఏ చీటీలోనూ ఉండదు. ఒకరు అడగలేదు కాబట్టి రాయలేదు. రాసి లేదు కాబట్టి తరవాతి డాక్టరూ అడగలేదు.

అడగకుండా వదిలేసిన ఆ ప్రశ్న చిన్నది కాదు. దీర్ఘకాలిక నొప్పితో బతుకుతున్న పెద్దవారిలో దాదాపు 40 శాతం మందికి పట్టించుకోవలసిన స్థాయిలో డిప్రెషన్ లక్షణాలు, ఇంచుమించు అంతే శాతం మందికి ఆందోళన లక్షణాలు ఉన్నాయని 2025లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. 50 దేశాల్లో జరిగిన 376 అధ్యయనాలను కలిపి చూసిన లెక్క ఇది. కీళ్ల అరుగుదల ఉన్నవారిలో ఈ శాతం తక్కువగా, ఒళ్లంతా నొప్పులు ఉండి పరీక్షలన్నీ మామూలుగా వచ్చే ఫైబ్రోమయాల్జియాలో బాగా ఎక్కువగా కనిపించింది. రెండో వైపు నుంచి చూసినా ఇదే చిత్రం. డిప్రెషన్ రోగుల మీద జరిగిన అధ్యయనాలను 2003లో ఒకచోట చేర్చి చూస్తే, సగటున 65 శాతం మంది ఏదో ఒక శరీర నొప్పి కూడా ఉందని చెప్పినవారే.

ఇన్ని లక్షల మందిలో రెండు జబ్బులు ఊరికే పక్కపక్కన వచ్చి కూర్చోవు. ఒకదాన్ని ఒకటి పోషించే సంబంధం వాటి మధ్య ఉంది. ఆ సంబంధం రోగి బలహీనతలోనో ఊహలోనో లేదు, నాడీవ్యవస్థ నిర్మాణంలోనే ఉంది. వైద్యం మాత్రం ఇప్పటికీ రెండు వేర్వేరు గుమ్మాల దగ్గర, కేజీహెచ్ ఎముకల ఓపీలో ఒకటి, వాల్తేరు మానసిక వైద్యశాలలో ఒకటి, ఒకరికొకరు తెలియకుండా జరుగుతోంది.

మూడు నెలలు దాటి కొనసాగినా, మళ్లీ మళ్లీ వచ్చినా దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. మూడు నెలలు ఎందుకంటే, మామూలు గాయమేదైనా ఆ పాటికి మానిపోతుంది. గాయం మానాక కూడా నొప్పి ఉందంటే అది గాయానికి గుర్తుగా మిగలక తానే ఒక జబ్బుగా మారిందని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, దీర్ఘకాలిక నొప్పికి మొదటిసారి సొంత స్థానం ఇచ్చింది. నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం 1979లో చేసుకున్న నిర్వచనాన్ని 2020లో సవరించుకుంది. ఆ రెండింటిలోనూ మారని మాట ఒకటుంది: నొప్పి అంటే ఇంద్రియానుభవం మాత్రమే కాదు, భావోద్వేగ అనుభవం కూడా. ఇది కవులు చెప్పింది కాదు, మత్తు డాక్టర్లూ నాడీ శాస్త్రజ్ఞులూ కూర్చుని రాసుకున్నది. తనకు నొప్పిగా ఉందని ఒక మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని కూడా 2020 సవరణకు జతచేసిన వివరణలో ఉంది. డాక్టర్లకు ఈ సంగతి రాతపూర్వకంగా గుర్తు చేయవలసి రావడమే పరిస్థితి ఎలా ఉందో చెబుతుంది.

శరీరంలో జరిగేదేమిటి? కాలికి ముల్లు గుచ్చుకుంటే అక్కడి నాడి నుంచి సంకేతం వెన్నుపాముకు, అక్కడినుంచి మెదడుకు వెళుతుంది. మెదడులో నొప్పికంటూ ఒకే గది లేదు. ఎక్కడ గుచ్చుకుంది, ఎంత గట్టిగా గుచ్చుకుంది అని కొలిచే భాగాలు కొన్ని. ఇది ఎంత బాధ, ఎంత ప్రమాదం, ఇప్పుడేం చేయాలి అని తేల్చే భాగాలు మరికొన్ని. ఈ రెండో జట్టులో ఉన్న ఇన్సులా, అమిగ్డలా, నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ వంటివే దిగులులోనూ భయంలోనూ పనిచేస్తాయి. అంటే నొప్పి, భయం, నిరాశ మూడూ ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాయి.

దారి ఒకవైపుది కూడా కాదు. వెన్నుపాములో నొప్పి సంకేతాలను ఆపే, వదిలే ద్వారం వంటి ఏర్పాటు ఉందని రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించారు. వివరాలు తరవాత చాలా మారాయి కానీ మూల ఆలోచన నిలిచింది. మెదడు కాండం నుంచి కిందికి దిగే నాడీమార్గాలు వెన్నుపాము దగ్గరే నొప్పి సంకేతాన్ని అణచగలవు, అవసరమనుకుంటే పెంచనూ గలవు. ఆట మధ్యలో కాలికి దెబ్బ తగిలిన ఆటగాడికి ఆట అయిపోయేదాకా నొప్పి తెలియకపోవడం ఇందువల్లే. ఈ దిగువ మార్గాలు వాడుకునే రసాయనాలు సెరటోనిన్, నార్ఎపినెఫ్రిన్. చాలా డిప్రెషన్ మందులు పనిచేసేది కూడా ఈ రసాయనాల మీదే. ఈ విషయం మందుల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

నొప్పి నెలల తరబడి సాగితే వెన్నుపాములోని నాడీకణాలు మరీ సున్నితంగా తయారవుతాయి. క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో జంతువుల మీద చేసిన ప్రయోగాలతో ఇది బయటపడింది. తేలిక స్పర్శ కూడా నొప్పిగా తోస్తుంది, చిన్న నొప్పి పెద్దదవుతుంది, దెబ్బ తగలని చోటుకూ పాకుతుంది. పెళ్లిపందిట్లో మైకును స్పీకరుకు ఎదురుగా పెడితే దాని చప్పుడే దానికి మళ్లీ వినబడి కీచుమంటుంది. అప్పుడు పాడేవాడి గొంతులో తప్పు వెతికి లాభం లేదు. దీర్ఘకాలిక నొప్పిలో కూడా మోకాలిలోనో నడుములోనో ఉన్న మొదటి కారణం ఎంతదైనా, తరవాతి మోత ఎక్కువగా వ్యవస్థదే. ఆందోళన, దిగులు, నిద్రలేమి ఆ మోతను పెంచుతాయి.

నడుము నొప్పి కొత్తగా మొదలైనవారిని ఏడాదిపాటు వెంబడించి మెదడు స్కాన్లు తీసిన పరిశోధకులు 2013లో ఒక ఆసక్తికరమైన సంగతి చూపించారు. మొదట్లో నొప్పిని గుర్తించే మామూలు భాగాలు చురుగ్గా ఉంటే, నొప్పి తగ్గకుండా పాతబడినవారిలో ఆ చురుకు భావోద్వేగాలకు సంబంధించిన భాగాలకు తరలిపోయింది. రోగి చెప్పే మాట అదే, నడుము నొప్పి. దాన్ని మోస్తున్న మెదడు భాగాలు మాత్రం మారిపోయాయి. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారి ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో పలచబడిన భాగం, నొప్పికి సరైన చికిత్స జరిగాక తిరిగి మందమైనట్టు మరో బృందం 2011లో గమనించింది. అంటే ఈ మార్పు శాశ్వతం కానక్కరలేదు.

ఇప్పుడు ప్లాస్టిక్ సంచీలోని ఎమ్మారై దగ్గరికి రావాలి. ఏ నొప్పీ లేని ఆరోగ్యవంతుల వెన్నును స్కాన్ చేసిన అధ్యయనాలను 2015లో కలిపి చూశారు. 20 ఏళ్ల వారిలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల, 30 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించాయి. 50 ఏళ్లకు అరుగుదల 80 శాతానికి, ఉబ్బు 60 శాతానికి చేరాయి. 80 ఏళ్లకు అరుగుదల 96 శాతం. మళ్లీ చెప్పుకోవాలి, వీరంతా నొప్పి లేనివారు. తల నెరిసినట్టే వెన్ను కూడా నెరుస్తుంది. కానీ రిపోర్టులో ఆ మాట ఉండదు. డిస్కు ఉబ్బింది, నరం నొక్కుకుంటోంది, వెన్ను అరిగిపోయింది అన్న మాటలు ఉంటాయి. ఆ మాటలు విన్న మనిషి ఇంటికి వెళ్లేసరికి వెన్ను ఒక గాజుబొమ్మ అయిపోయి ఉంటుంది.

కంచరపాలెం, అరిలోవ వైపు కొండవాలు ఇళ్లలో ఉండే ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. మంచినీళ్లకైనా, కూరగాయలకైనా, పిల్లల బడికైనా మెట్లు దిగాలి, ఎక్కాలి. మోకాళ్లు నొప్పిపెట్టాయి. మెట్లు ఎక్కితే ఇంకా అరిగిపోతాయని ఎవరో చెప్పారు. దిగడం తగ్గించింది. ముందు బజారు, తరవాత గుడి, ఆ తరవాత పేరంటాలు పోయాయి. తొడ కండరాలు బలహీనపడ్డాయి, బరువు పెరిగింది, ఇప్పుడు నాలుగు మెట్లకే నొప్పి. పలకరించే మనుషులు తగ్గారు. ఇంట్లోవారి మీద ఆధారపడుతున్నానన్న నొచ్చుకోలు మొదలైంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి, ఇలాగే మంచాన పడితే ఎవరు చూస్తారన్న ఆలోచన. ఇందులో ఎక్కడ కీళ్ల జబ్బు ఆగి ఎక్కడ డిప్రెషన్ మొదలైందో గీత గీయడం ఎవరి తరమూ కాదు. నొప్పి పట్ల భయం, ఆ భయంతో కదలిక మానుకోవడం, మానుకోవడం వల్ల కుంగుబాటు, కుంగుబాటు వల్ల నొప్పి మరింత అన్న ఈ వలయాన్ని 2000లో వ్లాయెన్, లింటన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విడమరచి రాశారు. భయం పెద్దగా లేనివారు నొప్పిగా ఉన్నా కొద్దికొద్దిగా పనుల్లో పడతారు, చాలామంది కోలుకుంటారు. తేడా అక్కడే వస్తుంది. ఆ భయంలో కొంత భాగాన్ని వైద్యులే, తమ మాటలతో, తెలియకుండా అందిస్తున్నారన్నది మింగుడుపడని నిజం.

మగవారిలో ఈ కథ ఇలాగే కనిపించకపోవచ్చు. పోర్టులోనో షిప్‌యార్డులోనో బరువు పనులు చేసి నడుము పోగొట్టుకున్న మనిషి తనకు దిగులుగా ఉందని సాధారణంగా చెప్పడు. చిరాకు పడతాడు, కోప్పడతాడు, నొప్పి మరచి నిద్రపోవడానికి మందు తాగుతాడు. ఇంట్లోవారు దాన్ని దుర్వ్యసనంగానే చూస్తారు. తాగిన నిద్ర తెల్లవారకముందే విరిగిపోతుంది, మరునాటి నొప్పి ఇంకా ఎక్కువవుతుంది.

నిద్ర గురించి నిజానికి వేరే వ్యాసమే రాయాలి. నొప్పి నిద్రను చెడగొడుతుందని అందరికీ తెలుసు. నిద్ర చెడితే మరునాడు నొప్పి పెరగడం దానికంటే బలమైన సంబంధమని 2013 నాటి ఒక సమీక్ష చూపించింది. ఉక్కు కర్మాగారంలో, ఫార్మా కంపెనీల్లో రాత్రి షిఫ్టులు చేసేవారున్న నగరంలో ఈ విషయం మీద రావలసినంత చర్చ రాలేదు.

ఆందోళనను డిప్రెషన్‌తో కలిపి ఒకే గాటన కట్టడం అలవాటైపోయింది కానీ నొప్పి విషయంలో దాని తీరు వేరు. దిగులు మనిషిని నొప్పికి లొంగదీస్తే, ఆందోళన నొప్పి కోసం కాపలా కాయిస్తుంది. ఏ చిన్న పోటు వచ్చినా దృష్టి అక్కడికే పోతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఆ బిగువే మెడనొప్పి, తలనొప్పి అవుతుంది. గుండెదడతో, ఛాతీ నొప్పితో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తి, ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి పంపినవారిలో పానిక్ డిజార్డర్, అంటే హఠాత్తుగా భయం ముంచెత్తే జబ్బు, ఉన్నవారు ఎందరో. గుండెకు ప్రమాదం లేదని ముందు తేల్చుకోవడం తప్పనిసరే. తప్పంతా అక్కడితో ఆపేయడంలో ఉంది. ఏమీ లేదు అన్న మాట ఆందోళన ఉన్న మనిషికి ఊరట ఇవ్వదు, మరో పరీక్ష వైపు తోస్తుంది.

ఏది ముందు, ఏది వెనక? రెండు వైపులా సాక్ష్యం ఉంది. నొప్పి మొదట వచ్చి దిగులు వెంట వచ్చినవారే ఎక్కువగా కళ్ల ముందు కనిపిస్తారు. అయితే ముందుగా డిప్రెషన్ లక్షణాలున్నవారికి తరవాతి కాలంలో నడుము నొప్పి వచ్చే అవకాశం, లేనివారి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లని, మనుషులను కొంతకాలం వెంబడించి గమనించిన అధ్యయనాలు చెబుతున్నాయి. శరీరంలోని వాపు రసాయనాలు మూడో దారి. కీళ్లవాతం వంటి జబ్బుల్లో పెరిగే ఇంటర్‌ల్యూకిన్-6 వంటివి కీళ్లనూ బాధిస్తాయి, మెదడు మీదా పనిచేసి నీరసం, నిరాసక్తత తెస్తాయి. 2006లో చికున్‌గున్యా రాష్ట్రాన్ని ఊపేసినప్పుడు జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి కీళ్లు పట్టేసి, ఏ పనీ చేయబుద్ధి కాక కూలబడినవారు గుర్తుండే ఉంటారు. అప్పట్లో దాన్ని ఎవరూ మనసు కోణంలో చూడలేదు. చికిత్సకు వచ్చే సమయానికి రెండూ ఉన్న మనిషి విషయంలో, ఏది ముందన్న విచారణ వైద్యానికి పెద్దగా ఉపకరించదు. తప్పు ఎవరిదో తేల్చడానికి మాత్రం ఇంట్లో బాగా వాడుకుంటారు.

ఇక్కడ ఒక అపార్థాన్ని గట్టిగా తోసిపుచ్చాలి. నొప్పికీ మనసుకూ సంబంధం ఉందనగానే, అయితే ఇదంతా మానసికమే అనేసే వైద్యులున్నారు, బంధువులున్నారు. ఆ మాట శాస్త్రీయంగా తప్పు, మనిషిగా క్రూరం. మెదడులో పుట్టినంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. ఆ లెక్కన ముల్లు గుచ్చుకున్న నొప్పి కూడా మెదడులో తయారయ్యేదే. దీనికి బొమ్మాబొరుసుగా ఇంకో అన్యాయం ఉంది. మానసిక జబ్బుకు మందులు వాడుతున్న మనిషి కడుపునొప్పి అంటే, కాలు నొప్పి అంటే, అది కూడా ఆ జబ్బులో భాగమేనని పరీక్ష చేయకుండా పంపేస్తారు. నొప్పితోపాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాళ్లలో బలం పోవడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం వంటివి ఉంటే మనసు సంగతి తరవాత, ముందు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మందుల విషయానికి వస్తే, ఈ ఊళ్లో ఏ మందుల షాపు దగ్గరైనా జరిగే ఒక తంతు ఉంది. షుగరు వల్ల పాదాలు మంటలు పుడుతున్నాయని వచ్చిన పెద్దాయనకు డాక్టరు అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాత్రిపూట వేసుకోమని రాశారు. ఎందుకో చెప్పలేదు, వెనక ఇంకా నలభై మంది ఉన్నారు. కౌంటరు దగ్గర కుర్రవాడు ఇది డిప్రెషన్ మాత్ర కదండీ అన్నాడు, లేదా ఇంటికి వెళ్లాక కొడుకు ఫోనులో చూసి చెప్పాడు. నాకేమైనా పిచ్చా అని పెద్దాయన దాన్ని పక్కన పెట్టేశారు. ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆ మాత్ర కడుపులోకి వెళ్లేది: ఇది పాతకాలం నుంచి నాడుల నొప్పికి వాడుతున్న మందు, డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు దీనికి ఎన్నో రెట్లు.

డ్యులోక్సెటిన్ అనే మరో డిప్రెషన్ మందు కథ మరింత ముచ్చటైనది. అమెరికాలో 2004లో డిప్రెషన్‌కూ, అదే ఏడాది షుగరు నాడీనొప్పికీ అనుమతి పొందింది. 2008లో ఫైబ్రోమయాల్జియాకు, 2010లో దీర్ఘకాలిక నడుము నొప్పికి, మోకీళ్ల అరుగుదల నొప్పికి. వెన్నుపాముకు దిగే ఆ రెండు రసాయనాల మార్గం గురించి పైన చెప్పుకున్నది ఇక్కడ అక్కరకొస్తుంది. డిప్రెషన్ లేనివారిలో కూడా ఇది నొప్పిని తగ్గిస్తుంది. ఆందోళనకు ఐరోపాలో వాడే ప్రెగాబలిన్ మన దగ్గర నాడుల నొప్పికి విరివిగా రాస్తున్న మందే.

అలాగని వీటిని ఆకాశానికెత్తనక్కరలేదు. దీర్ఘకాలిక నొప్పిలో డిప్రెషన్ మందుల మీద 2023లో వచ్చిన పెద్ద సమీక్షలో నమ్మదగిన సాక్ష్యం బాగా ఉన్నది ఒక్క డ్యులోక్సెటిన్‌కే, అదీ మోస్తరు ప్రయోజనం. మామూలు నడుము నొప్పికి ఈ మందులను అందరికీ ఇవ్వవద్దని అదే ఏడాది చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్పాయి. అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది; ప్రోస్టేట్ ఇబ్బంది, గ్లకోమా, గుండె లయ సమస్య ఉన్న వృద్ధులకు జాగ్రత్త అవసరం. ప్రెగాబలిన్‌తో తూలి పడేవారున్నారు, అలవాటు పడేవారూ ఉన్నారు. ఏవీ రెండు రోజుల్లో గుణం చూపవు, వారాలు పడుతుంది. ఏవీ హఠాత్తుగా మానకూడదు. నొప్పి ఒక్కటే ఉన్నవారి కంటే నొప్పీ దిగులూ రెండూ ఉన్నవారికి వీటిని ఎంచుకోవడంలో అర్థం ఎక్కువ.

అసలు చిక్కు సాధారణ నొప్పి మాత్రలతో. డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, స్టెరాయిడ్ కలిపిన ఇంజెక్షన్ పొడిపించుకుని ఆ పూటకు పనికి వెళ్లడం ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ నగరపు శివారుల్లోనూ మామూలు వ్యవహారం. కూలి పోగొట్టుకోలేని మనిషికి అది మూర్ఖత్వం కాదు, లెక్క. కానీ సున్నితపడిన నాడీవ్యవస్థ మీద ఈ మందుల ప్రభావం అంతంతమాత్రం. కడుపులో పుండ్ల ముప్పు, కిడ్నీల మీద భారం మాత్రం ఉంటాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలకపోయినా, అక్కడివారిని చూసిన ప్రాంతానికి కిడ్నీ విలువ వేరే చెప్పాలా? ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందును 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. డిప్రెషన్ మందులతో కలిపి వాడితే సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగవచ్చు. ఎముకల డాక్టరు రాసింది మానసిక వైద్యుడికి, ఆయన రాసింది ఈయనకు తెలియకపోవడం ఇక్కడ ప్రాణాల మీదికే వస్తుంది. దీర్ఘకాలిక నడుము, మోకాలి, తుంటి నొప్పులకు ఓపియాయిడ్లు (ట్రమడాల్ వంటి నల్లమందు జాతి మందులు) మామూలు మందుల కంటే ఏడాది చివర్లో ఏ మాత్రం మెరుగు కాదని 240 మంది మీద అమెరికాలో జరిగిన ప్రయోగం 2018లో తేల్చింది.

మందులు కాక మిగిలినవి మాటలు, కదలిక. నడుము బెల్టులు వద్దని, కట్టి లాగే ట్రాక్షన్ వద్దని 2023 నాటి ఆ మార్గదర్శకాలే చెప్పాయి. వ్యాయామం, నొప్పి గురించి అవగాహన, ఆలోచనా ధోరణిని సరిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ మేలన్నాయి. జగదాంబ చుట్టుపక్కల షాపుల్లో వేలాడే బెల్టుల సంఖ్య చూస్తే ఆ కబురు ఇంకా ఇక్కడికి చేరలేదనుకోవాలి. థెరపీ వల్ల నొప్పిలో వచ్చే తగ్గుదల సగటున చిన్నదే, దాచనవసరం లేదు. పని చేసుకోగలగడంలో, బెంగ తగ్గడంలో కూడా కొంత మేలు కనిపిస్తుంది. రోజూ కొద్దికొద్దిగా, నొప్పిని బట్టి కాక గడియారాన్ని బట్టి నడక పెంచడం ఇందులో భాగం. బాగున్న రోజున ఇల్లంతా దులిపి, మరునాడు మంచం పట్టే అలవాటును మాన్పించడం దాని ఉద్దేశం. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద నడిచేవారిని చూసి తామూ ఒకేసారి నాలుగు కిలోమీటర్లు నడిచి మూలపడినవారు ఉన్నారు. పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి రెండు నిమిషాలు పెంచుకున్నవారికి అలాంటి కథ ఉండదు, కాబట్టి వారి గురించి ఎవరూ చెప్పుకోరు.

కొత్తగా వచ్చిన పద్ధతుల్లో ఒకటి ఆశలు రేపింది. నొప్పి అంటే శరీరానికి హాని జరుగుతోందన్న గుర్తు కాదని మెదడుకు తిరిగి నేర్పే థెరపీ అది. దీన్ని 151 మంది నడుము నొప్పి రోగుల మీద పరీక్షించిన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. నాలుగు వారాల చికిత్స తరవాత 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చినవారిలో అది 20 శాతం, మామూలు వైద్యంలో ఉన్నవారిలో 10 శాతం. వారంతా అమెరికాలో ఒకే ప్రాంతంవారు, చాలావరకు బాగా చదువుకున్నవారు, నొప్పి మరీ తీవ్రంగా లేనివారు. అచ్యుతాపురంలో రోజంతా కుట్టుయంత్రం ముందు వంగి కూర్చునే అమ్మాయికి ఇదే ఫలితం వస్తుందని అనుకోవడానికి లేదు. ఆమె కుర్చీ ఎత్తు, విరామం నిడివి మార్చకుండా మెదడుకు మాత్రం పాఠాలు చెబితే అది వైద్యం అనిపించుకోదు కూడా.

విశాఖలో వసతులు లేవనడం కుదరదు. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల 1871 నాటిది, కేజీహెచ్, ఆంధ్రా వైద్య కళాశాల 1923 నాటివి. ఆ మానసిక వైద్యశాల ఇదే కళాశాలకు అనుబంధం. కేజీహెచ్ నుంచి అక్కడికి ఒక్క ఆటో చాలు. కానీ వాల్తేరు ఆసుపత్రికి వెళ్లమన్న మాట రోగి చెవిలో వేరేగా పడుతుంది. నూట యాభై ఏళ్ల గోడల పేరు అంత త్వరగా పోదు. వెళ్లమని రాసిన చీటీ ఇంటికి చేరి అల్మారాలో ఉండిపోతుంది. సాధారణ మానసిక సమస్యలున్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. ఇక్కడ ఎక్కువ మంచి లెక్క వచ్చేదనుకోవడానికి మాత్రం కారణం కనిపించదు.

డబ్బు కూడా అదే గీతను గీస్తోంది. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు రూపొందినవి. వెన్ను ఆపరేషన్ ఆ చట్రంలో ఒదుగుతుంది, పన్నెండు వారాలు వారానికో గంట కూర్చుని మాట్లాడే చికిత్స ఒదగదు. శరీర జబ్బులకు ఎలాగో మానసిక జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ అంటోంది, మరుసటి ఏడాదే బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు ఆ మేరకు ఆదేశాలిచ్చింది. పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరడానికే వర్తిస్తున్నంత కాలం ఆ సమానత్వం ఓపీ రోగికి చేరదు.

రోగిని వాల్తేరు పంపడం కంటే వాల్తేరును ఎముకల ఓపీకి తీసుకురావడం తేలిక. డాక్టరు గదిలోకి వెళ్లేముందే, బీపీ చూసే నర్సు రెండు ప్రశ్నలు అడగవచ్చు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి గానీ సంతోషం గానీ లేకుండా ఉన్నారా? దిగులుగా, నిరాశగా అనిపించిందా? ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం మూడు దాటినా, మూడే వచ్చినా వివరంగా మాట్లాడాలి. ఈ రెండింటినీ మొదలుగా పెట్టుకున్న తొమ్మిది ప్రశ్నల పెద్ద పట్టిక కూడా ఉంది, 2001 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. నొప్పి రోగుల దగ్గర మాత్రం దానితో ఒక ఇబ్బంది: నిద్ర, నీరసం, ఆకలి, కదలికల మందకొడితనం గురించిన ప్రశ్నలకు నొప్పి ఒక్కటే ఉన్నవారికి కూడా మార్కులు పడిపోతాయి. అందుకే ఆ మొదటి రెండు ప్రశ్నలకే ఇక్కడ బరువు ఎక్కువ. మరొక్కటి మాత్రం తప్పక కలపాలి, బతకడం ఎందుకనిపిస్తోందా అని. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారిలో ఆత్మహత్యతో మరణించే ముప్పు మిగతావారి కంటే కనీసం రెండింతలని 2006 నాటి సమీక్ష ఒకటి చెప్పింది. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. అవునన్న జవాబు వస్తే ఆ రోజే మానసిక వైద్యుడు చూడాలి. ఇంటి దగ్గర ఉన్నవారికి 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

జవాబులు వచ్చాక పంపడానికి చోటు కావాలి. ఎముకల విభాగం పక్కనే ఉండే ఫిజియోథెరపీ గదిలో వారానికి రెండు పూటలు ఒక మనస్తత్వ నిపుణుడు కూర్చుంటే, రోగి వెళ్లేది నడుము కోసమే, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. దిగులు మందును ముందు సరిచేసి, ఆ తరవాత నొప్పికి స్వీయ సంరక్షణ నేర్పితే రెండూ తగ్గుతాయని, ఆ మేలు ఏడాది దాకా నిలుస్తుందని 250 మంది నడుము, తుంటి, మోకాలి నొప్పి రోగుల మీద జరిగిన ప్రయోగం 2009లోనే చూపించింది. ఆ పద్ధతిలో రోగులను క్రమం తప్పకుండా పలకరిస్తూ నడిపించినవారు నర్సులే.